బెజవాడ ఎండ నేర్పని కొండ

విజయవాడ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివరి పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. రెండంకెల సంఖ్య. గుంటూరు బోర్డు మీదా అంతే. ఈ రెండు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు కొండ అంటే ఇంద్రకీలాద్రి, మంగళగిరి, ఉండవల్లి. ఇంకాస్త ఓపికుంటే కొండపల్లి, కొండవీడు. ఏదైనా సరే, పొద్దున ఎక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఆ మాటకొస్తే తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్ల లోపే.

అమెరికాలో నెవాడా రాష్ట్రం నడిబొడ్డున టొయాబి అనే పర్వత శ్రేణి ఉంది. షోషోనీ ఆదివాసుల భాషలో కొండ అన్న మాట నుంచి వచ్చిన పేరది. దాని దక్షిణపు కొసన ఆర్క్ డోమ్ శిఖరం 11,770 అడుగుల పైచిలుకు, అంటే దాదాపు 3,590 మీటర్లు. చుట్టూ ఉన్న 1,15,000 ఎకరాలను అక్కడి ప్రభుత్వం 1989లో విల్డర్‌నెస్‌గా ప్రకటించింది. 1964 నాటి చట్టం ప్రకారం అలాంటి నేలలో రోడ్డు వేయకూడదు, మోటారు బండి పోకూడదు, సైకిలు కూడా తొక్కకూడదు. నడవాలి, లేదా గుర్రమెక్కాలి. శ్రేణి వెన్ను మీదుగా సుమారు 110 కిలోమీటర్ల టొయాబి క్రెస్ట్ ట్రయల్ సాగుతుంది. తూర్పు లోయ వైపు నుంచి సౌత్ ట్విన్ రివర్ అనే వాగు వెంట ఆర్క్ డోమ్‌కు ఎక్కే బాట ఇంకొకటి ఉంది. అది మొదలయ్యేదే సుమారు 6,400 అడుగుల దగ్గర. ఆంధ్రాలో ఏ శిఖరం చివరన నిలబడ్డా చేరలేని ఎత్తులో అక్కడ తొలి అడుగు పడుతుందన్నమాట.

ఇంత దూరపు కొండ గురించి బెజవాడలో మాట్లాడుకోవడానికి కారణం లేకపోలేదు. అమెరికాలో పిల్లలు లేని వీధి కోసం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వెతుక్కోవాలి. అక్కడికి వెళ్లినవాళ్లను పిల్లలు లాస్ వేగాస్‌కో గ్రాండ్ కాన్యన్‌కో తీసుకెళ్తారు. ఆ లాస్ వేగాస్ నుంచి ఉత్తరంగా నాలుగైదు గంటలు కారులో పోతే టొయాబి పాదం. ఇక మన కుర్రాళ్లలో ట్రెక్కింగ్ సరదా పెరిగి ఏటా హిమాచల్‌కూ లద్దాఖ్‌కూ పోయేవాళ్లున్నారు. ఎడారి అంచు నుంచి చెట్టు కూడా మొలవని ఎత్తుదాకా ఒకే నడకలో తీసుకుపోయే దారులు అక్కడా ఇక్కడా ఒకే పాఠం చెబుతాయి. బెజవాడ మనిషికి ఎండ తెలుసు. ఆ తెలివి ఇలాంటి దారిలో మొదటి సగం దాకా ఆదుకుంటుంది. రెండో సగంలో అదే తెలివి నిలువునా ముంచుతుంది. ఎందుకో చూడాలంటే కింది నుంచి మొదలుపెట్టాలి.

ముందు నీళ్ల సంగతి. కృష్ణ ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టి, ప్రకాశం బ్యారేజీ దాటి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది అన్నాక సముద్రంలో కలవాలన్నది మనకు ప్రశ్నే కాదు. టొయాబి ఉన్న గ్రేట్ బేసిన్‌లో ఏ నదీ సముద్రాన్ని చేరదు. ఆర్క్ డోమ్ దాపున పుట్టిన రీస్ నది ఉత్తరంగా వందల కిలోమీటర్లు పాకి, హంబోల్ట్ నదిని అందుకోబోయి చాలా ఏళ్లు మధ్యలోనే ఇంకిపోతుంది. ఆ హంబోల్ట్ కూడా ఒక ఉప్పు పల్లంలోకి చేరి ఆవిరైపోతుంది. పసిఫిక్ మీది నుంచి వచ్చే తేమగాలిని పడమటన సియెరా నెవాడా పర్వతాలు అడ్డుకుని వాన మొత్తం తమ మీదే కురిపించుకుంటాయి. ఇవతలికి చేరేది పిండేసిన గాలి. అమెరికా రాష్ట్రాలన్నిటిలోకీ వాన తక్కువ పడేది నెవాడాలోనే.

అయినా ఆ ఎడారి మధ్యలో అడవులున్నాయి. భూమి పైపొర తూర్పు పడమరలుగా సాగి, పగిలి, ఉత్తర దక్షిణాలుగా పొడవాటి కొండల వరసలు లేచాయి. రెండు వరసల నడుమ ఒక్కో పొడి లోయ. 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్‌కు పటం మీద ఇవి మెక్సికో వైపు బారులు తీరి పాకుతున్న గొంగళి పురుగుల్లా కనిపించాయి. పోలిక బాగానే కుదిరింది. ఒక్కో గొంగళి పురుగూ ఎడారి సముద్రంలో ఒక ద్వీపం. ఎక్కుతున్న గాలి చల్లబడి, మిగిలిన కొద్దిపాటి తేమనూ వదులుతుంది. అందుకే లోయలో ఎండిన తుప్పలుంటే నడుమున అడవి, వీపు మీద మంచు.

పైకి పోయేకొద్దీ చల్లబడుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఎంత అన్నదే లెక్క. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. గాలి బాగా పొడిగా ఉన్న పగటి పూట ఇది పదికి దగ్గరగా పోతుంది. సౌత్ ట్విన్ వాగు బాట మొదలయ్యే చోట 32 డిగ్రీలుంటే ఆర్క్ డోమ్ మీద 16 నుంచి 21 మధ్య ఉంటుంది. బెజవాడలో ఏసీ పెట్టుకునే అంకె అది. కానీ ఈ లెక్క పగటిది. రాత్రి తలకిందులవుతుంది. మన లంబసింగి గుర్తుకు రావాలి. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరున్నర డిగ్రీలే తగ్గాలి కదా, మరి డిసెంబరులో అక్కడ గడ్డి మీద నీళ్లు ఎందుకు గడ్డకడతాయి? చల్లగాలి బరువైనది. రాత్రి వాలు మీది నుంచి జారి, గిన్నె లాంటి పల్లంలో నిలవ ఉంటుంది. నెవాడా లోయల్లోనూ అదే జరుగుతుంది, ఇంకా ఘాటుగా. లోయ అడుగున మంచు పట్టిన రాత్రే, రెండు మూడు వందల మీటర్ల పైన వాలు మీద నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉండొచ్చు. చెట్లు మొదలయ్యేది ఆ వెచ్చటి నడికట్టులోనే. లోయ అడుగున చెట్టు లేకపోవడానికి నీటి కరువుతో పాటు ఈ చలి కూడా కారణం. డేరా వేసుకునేవాళ్లకు దీని అర్థం ఒక్కటే: చదునుగా ఉంది కదా అని వాగు గట్టున పల్లంలో వేస్తే వణుకు, కాస్త మెరక మీద వేస్తే నిద్ర.

ఇక ఆ చెట్ల సంగతి. పిన్యన్ పైన్, జునిపర్ కలిసి పెరిగే ఈ అడవిని అడవి అనడానికి కొండపల్లి రిజర్వు ఫారెస్టు చూసినవాళ్లకూ నోరు రాదు. రెండు నిలువుల ఎత్తు చెట్లు, ఒకదానికొకటి ఎడం ఎడంగా, మధ్యలో బూడిదరంగు సేజ్‌బ్రష్ తుప్పలు, గులకరాళ్లు. ఎండ సూటిగా నెత్తిన పడుతుంది. వాన పడ్డాక సేజ్ ఆకు నలిపితే కర్పూరం కలిసిన ఘాటు వాసన. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి లాంటి మన మెట్ట అడవి చెట్లు వేసవి వస్తే ఆకు రాల్చి చేతులెత్తేస్తాయి; వాన వచ్చేదాకా బతుకు వాయిదా. జునిపర్ అలా చేయదు. ఆకును పొలుసుగా కుదించి, మైనం పూసుకుని, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. మరీ కరువొస్తే చెట్టులో ఒక పక్క కొమ్మలకు నీళ్లు ఆపేసి ఎండబెట్టుకుంటుంది, మిగిలిన సగంతో బతుకుతుంది. అందుకే పాత జునిపర్లన్నీ సగం ఎముక, సగం ఆకులా కనిపిస్తాయి.

పిన్యన్‌ది ఇంకో విచిత్రం. పైన్ ఆకులు సూదుల్లా ఉంటాయి. ఆ సూదులు మామూలుగా రెండేసి, మూడేసి, అయిదేసి గుత్తులుగా పుడతాయి. ఇక్కడి పిన్యన్‌కు ఒక్కటే సూది. ప్రపంచంలో ఇలాంటి పైన్ ఇదొక్కటే. కాయలో వేరుశనగ గింజంత పప్పు ఉంటుంది. షోషోనీ, పయూట్ ఆదివాసులకు చలికాలపు తిండి అదే. శరదృతువులో కుటుంబాలన్నీ కొండెక్కి కాయలు రాల్చి, వేయించి, దంచి గంజి కాచుకునేవారు. మన దేశంలో దీనికి చుట్టం ఉంది. హిమాచల్ కిన్నౌర్‌లో, మళ్లీ వాన అందని కొండ వెనక వైపునే, చిల్గోజా పైన్ పెరుగుతుంది. బెజవాడలో డ్రైఫ్రూట్ కొట్లో అద్దాల వెనక పెట్టి జీడిపప్పుకు ఎన్నో రెట్ల ధర చెప్పే సన్నటి పొడవాటి గింజ అదే. పొడి కొండ వాలు, గింజ తినే పైన్, పైన మంచు. రెండు ఖండాల్లో ఒకే ఏర్పాటు.

ఈ మెట్ట అడవిలో నడిచే మొదటి పూట మన మనిషి రాజాలా ఉంటాడు. 35 డిగ్రీలంటే రెంటచింతల వార్తలు వింటూ పెరిగినవాడికి లెక్కేమిటి? తోటి నడకవాళ్లు నీడ కోసం వెతుకుతుంటే ఇతను హాయిగా పోతుంటాడు. పొరపాటు ఇక్కడే మొదలు. బెజవాడ మే నెలలో చెమట కారుతుంది. చొక్కా వీపుకు అతుక్కుంటుంది, కనుబొమల మీంచి జారి కళ్లు మండుతాయి. ఎంత నీరు పోయిందో ఒళ్లే చెబుతుంది. ఎడారి గాలిలో చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా, చర్మం చల్లగా ఉంటాయి. ఎండ ఏమీ చేయలేదనిపిస్తుంది. సాయంత్రం సంచి దించి చొక్కా విప్పి చూస్తే, భుజాల పట్టీలు ఒరిసిన చోట, వీపు నడిమిన తెల్లటి చారలు. చినగంజాం ఉప్పు మడుల్లో నీళ్లు ఇంకాక మిగిలే గీతల్లాంటివి. వేలితో గీకితే రాలుతుంది కూడా. కారకుండానే పోయిన లీటర్ల లెక్క అది.

అలాగని వట్టి నీళ్లు అదే పనిగా తాగితే ఇంకో ప్రమాదం: రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, వాంతులు, తికమక. ఇవి వడదెబ్బ లక్షణాల్లాగే ఉండటంతో మరిన్ని నీళ్లు పట్టించి మనిషిని ఇంకా పాడుచేస్తారు. ఉప్పేసిన మజ్జిగ అలవాటున్న ఊరివాళ్లకు ఈ విషయం విడమరచి చెప్పక్కర్లేదు. మజ్జిగ దొరకదు కనుక ఓఆర్‌ఎస్ పొట్లాలు. వాటి పక్కన నాలుగు ఊరగాయ ముక్కలుంటే అది తిండి రుచికే కాదు, మందు కూడా.

దారిలో వాగు ఉంటుంది, వాగు నీళ్లు అద్దంలా ఉంటాయి. తాగకూడదు. విల్డర్‌నెస్ చట్టం మోటార్లను ఆపింది కానీ పశువుల మేతను ఆపలేదు. పైన ఎక్కడో ఆవులు మేస్తుంటాయి. జియార్డియా అనే పరాన్నజీవి ఆ చల్లటి తేట నీళ్లలోనే హాయిగా బతుకుతుంది. వడపోత గొట్టమైనా వాడాలి, కాచైనా తాగాలి. గుట్ట దాటాక నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ముందే పటంలో గుర్తు పెట్టుకోవాలి. పటంలో నీలి గీత ఉన్నంత మాత్రాన ఆగస్టులో అక్కడ నీళ్లుంటాయని కాదు. ఈ సంగతి పల్నాడు వాగులు చూసినవాళ్లకు కొత్త కాదు.

నడిమి ఎత్తుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, చూడటానికే ఎక్కువ బాగుంటుంది. వాగు వెంట తెల్ల బెరడు ఆస్పెన్లు, చిరుగాలికే గలగలలాడే ఆకులు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. బెజవాడ నెత్తి మీదికి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మేలోనూ ఆగస్టులోనూ, నిట్టనిలువుగా వస్తాడు. కనుక మన కొండలకు ఉత్తరపు వాలు, దక్షిణపు వాలు అన్న తేడా పెద్దగా పట్టదు. టొయాబి ఉన్న 39 డిగ్రీల అక్షాంశం దగ్గర మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. ఒకే ఎత్తులో దక్షిణపు వాలు మీద జునిపర్ ఎండుతుంటే, మలుపు తిరిగి ఉత్తరపు వాలుకు చేరగానే జూన్‌లోనూ మంచు పొర కాలికింద జారుతుంది. నాలుగు అడుగుల తేడాలో రెండు రుతువులు.

ఎత్తుతో పాటు చెట్లు పొరలు పొరలుగా మారడం మీద సైన్సు కూడా ఇలాంటి నడకల్లోనే పుట్టింది. 1802లో జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఈక్వెడార్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ ఏ ఎత్తున ఏ మొక్క ఉందో రాసుకున్నాడు. పైన చెప్పిన హంబోల్ట్ నదికి ఉన్నది ఆయన పేరే, ఆయన మాత్రం ఆ నది మొహం చూడలేదు. 1889లో అమెరికా ప్రకృతి శాస్త్రవేత్త సి. హార్ట్ మెరియమ్ అరిజోనాలోని శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల మీద అదే పని చేసి, ఎడారి నుంచి శిఖరం దాకా ఎక్కడమంటే మెక్సికో సరిహద్దు నుంచి ధ్రువం వైపు ప్రయాణం చేయడం లాంటిదని తేల్చాడు. మోటు లెక్కలో వెయ్యి మీటర్లు పైకి పోవడం వెయ్యి కిలోమీటర్లు ఉత్తరానికి పోవడంతో సమానం. ఆ తరవాతివాళ్లు ఈ పొరల హద్దులు అంత శుభ్రంగా ఉండవని, వాలు, నేల, మంట, మేత అన్నీ వాటిని చెరిపేస్తాయని చూపించారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా కాలినడకన పోయేవాడికి మెరియమ్ లెక్కే అక్కరకొస్తుంది.

పైకి పోగా పోగా చెట్లు ఆగిపోతాయి. చలికి చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు, కానీ కారణం అది కాదు. ఆ ఎత్తు చెట్లు చలికాలంలో సున్నా కింద నలభై డిగ్రీలను కూడా తట్టుకుంటాయి. చలికాలపు చలి కాదు, వేసవి చాలకపోవడమే వాటి సమస్య. పెరిగే నెలల సగటు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల కన్నా తగ్గితే, ఆకు పిండి తయారుచేసినా కొత్త కణాలు కట్టుకోలేవు. ఆల్ప్స్‌లోనూ, హిమాలయాల్లోనూ, ఆండీస్‌లోనూ చెట్ల హద్దు ఇంచుమించు ఆ అంకె దగ్గరే తెగుతుంది. ఇటుకలు లేక కాదు, మేస్త్రీ పనిలోకి రాక ఆగిన ఇల్లు లాంటిది. అదే చోట గడ్డి, చిన్న పూలమొక్కలు బతుకుతాయి. నేలకు అంటుకుని ఉంటాయి కనుక పగటి ఎండకు కాగిన మట్టి వెచ్చదనం వాటికి అందుతుంది. నిటారుగా నిలబడ్డ చెట్టు తల ఎప్పుడూ చల్లటి గాలిలోనే ఉంటుంది. హద్దు దగ్గరి లింబర్ పైన్లు ఆ సంగతి తెలిసినట్టు నడుములు వంచి పాకుతుంటాయి.

నెవాడా తూర్పు అంచున వీలర్ పీక్ అనే 13,063 అడుగుల శిఖరం వాలు మీద ఇంకో చెట్టు కథ ఉంది. బ్రిసిల్‌కోన్ పైన్ ప్రపంచంలోనే దీర్ఘాయుష్షు చెట్లలో ఒకటి. మంచి నేల, నీళ్లు ఉన్నచోట ఇది తొందరగా పెరిగి తొందరగా పోతుంది. రాయి తప్ప ఏమీ లేని చోట, వలయానికి వలయానికి మధ్య వెంట్రుక సందు కూడా లేనంత నెమ్మదిగా పెరిగి, చెక్క రాయిలా బిగుసుకుని, పురుగు కూడా దిగలేక వేల ఏళ్లు నిలుస్తుంది. 1964 ఆగస్టులో ఒక పరిశోధక విద్యార్థి వాతావరణ చరిత్ర కోసం అటవీ శాఖ అనుమతితోనే ఒక చెట్టును కొట్టించి వలయాలు లెక్కపెట్టాడు. 4,800 పైగా తేలాయి. అప్పటికి తెలిసిన చెట్లలో అన్నిటికన్నా వయసులో పెద్దది అదేనని కొట్టాక తెలిసింది. ఆ తరవాత నెల తిరక్కుండానే, సెప్టెంబరు 3న, అమెరికా విల్డర్‌నెస్ చట్టం మీద సంతకం పడింది. రెండిటికీ సంబంధం లేదు. తేదీలు మాత్రం అలా పక్కపక్కన పడ్డాయి.

ఇక ఊపిరి సంగతి. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. పల్చబడేది గాలి. ఆర్క్ డోమ్ ఎత్తున గాలి పీడనం సముద్ర మట్టం దగ్గరున్నదానిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. లేహ్ ఊరిలోనూ ఇంతే, అది 3,500 మీటర్ల దగ్గరుంది. ఉదయం గన్నవరంలో విమానమెక్కి ఢిల్లీలో రాత్రి గడిపి, మర్నాడు తెల్లారేసరికి లేహ్‌లో దిగితే, రెండంకెల ఎత్తు నుంచి నాలుగంకెల ఎత్తుకు ఒళ్లు ఒక్క రోజులో ఎగిరినట్టు. అక్కడి అధికారులు మొదటి 48 గంటలు కదలకుండా విశ్రాంతి తీసుకోమని చెప్పేది ఇందుకే. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. 3,000 దాటాక ఒక రాత్రి నిద్ర ఎత్తుకూ మర్నాటి నిద్ర ఎత్తుకూ మధ్య 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదన్నది డాక్టర్ల మాట. పగలు కాస్త ఎక్కువ ఎక్కినా రాత్రి దిగి పడుకోవడం మేలు.

ఎండకు అలవాటు పడటం, ఎత్తుకు అలవాటు పడటం ఒకటే అన్న భ్రమ మన ఊళ్లలో గట్టిది. నిజానికి ఒకటి రెండోదానికి ఎదురు. వేసవిలో పది పన్నెండు రోజులు తిరిగితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది. ఎత్తుకు పోతే ఒళ్లు మొదట చేసే పని ఆ నీటి భాగాన్ని తగ్గించుకోవడం. తొలి రెండు రోజులు మూత్రం ఎక్కువగా రావడం అందుకే. భయపడక్కర్లేదు, నీళ్లు తాగడం మానక్కర్లేదు. ఎర్ర రక్తకణాలు నిజంగా పెరగడానికి వారాలు పడుతుంది. మూడు రోజుల ట్రెక్‌లో మనిషిని నడిపించేది పెరిగిన రక్తం కాదు, పెరిగిన ఊపిరి. రాత్రి నిద్రలో ఊపిరి పది సెకన్లు ఆగి మళ్లీ గబగబా ఆడటం కూడా ఆ ఎత్తుల్లో మామూలే. పక్కన పడుకున్నవాళ్లు మాత్రం హడలిపోతారు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ రావడం, తిన్నగా గీత మీద నడవలేకపోవడం మాత్రం మామూలు కాదు. అప్పుడు రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామన్న బేరం పనికిరాదు.

వంట దగ్గరా ఇదే లెక్క. ప్రతి 300 మీటర్లకూ నీళ్లు ఒక డిగ్రీ ముందే మరుగుతాయి. 3,500 మీటర్ల దగ్గర 88 డిగ్రీలకే గిన్నె కుతకుతలాడుతుంది. చూపుకు మరుగే, పప్పుకు మాత్రం మరుగు కాదు. కందిపప్పు గంట ఉడికించినా వేలికి గట్టిగా తగులుతుంది, ఈలోపు గ్యాస్ డబ్బా ఖాళీ. అటుకులు, మరమరాలు, ముందే ఉడికించి ఎండబెట్టిన ఉప్మా రవ్వ నయం. నేతి సున్నుండ కాలరీల్లో రాజు, కానీ పొద్దున్నే తీస్తే రాయిలా ఉంటుంది. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని ఓ అరగంట నడిస్తేగానీ పంటికి దిగదు.

చెట్ల హద్దు దాటాక బెజవాడ నేర్పిన ప్రతి అలవాటునూ తిప్పి చదువుకోవాలి. మన ఊళ్లో గాలి వీస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడ గాలే ఒంటి వేడిని దోచేది. మన ఊళ్లో తడి తువ్వాలు నెత్తిన వేసుకుంటే చల్లన. అక్కడ తడిసిన నూలు బనీను వీపున ఉంటే, పది డిగ్రీల దగ్గర కూడా మనిషి వణికి, మాట ముద్దయి, బుద్ధి మందగించి కూలిపోవచ్చు. నూలు నీళ్లు తాగి వదలదు. మంగళగిరి చేనేత మనకెంత గర్వకారణమైనా ఆ ఎత్తులో ఒంటి మీద ఉండాల్సిన బట్ట కాదది. ఉన్నిగానీ, తొందరగా ఆరే సింథటిక్‌గానీ కావాలి. ఎండ కూడా మాట మారుస్తుంది. చల్లగా ఉంది కదా అని టోపీ తీస్తే, వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరిగే అతినీలలోహిత కిరణాలు చెవి తమ్మెలనూ ముక్కు కొసనూ కాల్చేస్తాయి. వేడి లేని ఎండ కాల్చదన్నది మన అనుభవం. అక్కడ చెల్లదు.

అన్నిటికన్నా తేడా పొద్దుది. బెజవాడలో పనులున్నవాళ్లు మధ్యాహ్నం ఇంట్లో ఉండి, నాలుగు దాటాక చల్లబడ్డాక బయటికి వస్తారు. కొండ మీద ఆ వేళాపాళా ప్రాణాంతకం. నెవాడా, అరిజోనాల్లో జూలై నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం నుంచి తేమ వచ్చి, మధ్యాహ్నానికి కొండల మీద మేఘాలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. అక్కడివాళ్లూ దాన్ని మాన్‌సూన్ అనే అంటారు, మన నైరుతితో పోలిస్తే చిలకరింపే అయినా. వాన తక్కువ, పిడుగులు ఎక్కువ. పిడుగంటే మనకు తెలియనిది కాదు. వానాకాలంలో తాటిచెట్టు కింద నిలబడొద్దని పొలం పోయే ప్రతివాడికీ ఇంట్లో చెప్పే పంపుతారు, ఇప్పుడు ప్రభుత్వం ఫోన్లకు హెచ్చరికలూ పంపుతోంది. చెట్టే లేని శిఖరం మీద ఆ తాటిచెట్టు మనిషే. కాబట్టి చీకట్లో బయల్దేరి, పదకొండు పన్నెండుకల్లా శిఖరం దిగిపోవాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. పది కిలోమీటర్ల లోపు వచ్చిందంటే ఫొటోల మాట మర్చిపోవాలి.

ఇంటి దగ్గర తయారయ్యేదేమీ లేదా అంటే, ఉంది. మంగళగిరి పానకాల స్వామి మెట్లు తెల్లవారుజామున సంచిలో ఏడెనిమిది కిలోల బియ్యం వేసుకుని ఎక్కడం మంచి కసరత్తు. దిగడం ఇంకా మంచి కసరత్తు, ఎందుకంటే మోకాళ్లు, తొడ కండరాలు దెబ్బతినేది దిగేటప్పుడే. కొండవీడు రాళ్ల దారుల్లో బూట్లు అరగదీస్తే కాలు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఇవన్నీ కాళ్లకు, గుండెకు. పల్చటి గాలిని మాత్రం ఏ మెట్లూ నేర్పలేవు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ భువనగిరి బండ మీద మొదలుపెట్టారు. కానీ అక్కడే ఆగలేదు. డార్జిలింగ్‌కు, ఆ తరవాత లద్దాఖ్ చలికి తీసుకెళ్లాకే వాళ్లను పెద్ద కొండకు పంపారు. బండ పట్టు నేర్పింది, చలీ ఎత్తూ వేరే చోట నేర్చుకున్నారు.

ఒక్క ఏర్పాటు మాత్రం పూర్తిగా బెజవాడలోనే జరగాలి. టొయాబి కనుమల్లో ఫోను పలకదు. వేసవిలో నెవాడాకూ మనకూ పన్నెండున్నర గంటల తేడా. రోజూ పొద్దున కాఫీ వేళకు అబ్బాయి ఫోను కోసం కూర్చునే అమ్మకు, ఏ బాటలో పోతున్నారో, ఏ రోజు ఏ వేళకు తిరిగి కారు దగ్గరికి వస్తారో, ఆ వేళ దాటి ఎన్ని గంటలు చూశాక ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద మన టైములోనే రాసి పంపాలి. ఆ కాగితం వాట్సాప్‌లో ఉంటే చాలదు. వంటింట్లో క్యాలెండరు పక్కన అతికించి ఉండాలి.